రీఫ్ ట్యాంకు లైటుకు డ్రైవర్ కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

బెజవాడ గవర్నర్‌పేటలో ఏ ఎలక్ట్రానిక్స్ షాపుకెళ్ళి ఎల్‌ఈడీ డ్రైవర్, అంటే ఎల్‌ఈడీలకు తగ్గట్టు కరెంటు అందించే పెట్టె, కావాలన్నా ముందు వచ్చే ప్రశ్న "ఎన్ని వాట్లది సార్?" అని. ఇంట్లో ప్యానెల్ లైటు మార్చుకోవడానికైతే ఆ ప్రశ్న చాలు. రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు మీద సొంతంగా కట్టుకునే లైటుకు మాత్రం వాట్లు చిట్టచివర తేలే అంకె. ముందు తేలాల్సినవి రెండు: ఎల్‌ఈడీల గుండా ఎంత కరెంటు పంపాలి, ఒక వరసలో ఉన్న ఎల్‌ఈడీలన్నీ కలిపి ఎన్ని వోల్టులు తీసుకుంటాయి. ఈ రెండూ చేతిలో లేకుండా కొన్న డ్రైవర్ సరిపోయిందంటే అది అదృష్టం, అంతే.

"ఇంట్లో 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (ఏసీని డీసీగా మార్చే సప్లై) ఉంది కదా, మూడేసి ఎల్‌ఈడీలు కలిపి దానికి తగిలిస్తే పోదా" అని చాలామంది అనుకుంటారు. లైటు వెలుగుతుంది కూడా. గొడవంతా వేడెక్కాక మొదలవుతుంది. పవర్ ఎల్‌ఈడీ చిప్ వేడెక్కేకొద్దీ అది తీసుకునే వోల్టేజి డిగ్రీకి సుమారు 2 నుంచి 4 మిల్లీవోల్టులు తగ్గుతూ పోతుంది. వరసలో 12 ఎల్‌ఈడీలుండి, చిప్‌లు 40 డిగ్రీలు వేడెక్కాయనుకోండి. డిగ్రీకి 3 మిల్లీవోల్టుల చొప్పున మొత్తం 1.4 వోల్టుల పైచిలుకు తగ్గింది. వోల్టేజిని కదలనివ్వని సప్లై ఆ తేడానంతా కరెంటు రూపంలో ఎల్‌ఈడీల మీద రుద్దుతుంది. కరెంటు పెరిగితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే కరెంటు ఇంకా పెరుగుతుంది. స్ట్రిప్ లైట్లలో మధ్యమధ్య చిన్న రెసిస్టర్లుంటాయి కాబట్టి అవి ఆ అడాప్టర్ మీద బతుకుతాయి. మన 3 వాట్ల ఎల్‌ఈడీలకు ఆ రక్షణ లేదు. అందుకే కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవర్ తప్పనిసరి. అది కరెంటును ఒకచోట బిగించి పట్టుకుని, వోల్టేజిని కావలసినట్టు తనే సర్దుకుంటుంది.

ఇక ఎంత కరెంటు అన్నది. ఇక్కడ పగడాల రకం చూడాలి. మెత్తటి పగడాలు, జోవాంథిడ్, మష్రూమ్ రకం పగడాలకు పార్ మీటరు (పగడాలు వాడుకోగల వెలుగును కొలిచే పరికరం) మీద 50 నుంచి 100 మధ్య ఉంటే హాయిగా ఉంటాయి. పెద్ద పాలిప్‌ల (పగడంలోని ఒక్కో చిన్న జీవి) రాతి పగడాలకు 75 నుంచి 150, అక్రోపొరా లాంటి చిన్న పాలిప్‌ల వాటికి 200 నుంచి 350. రాతి పగడాల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. మన సముద్రాల్లోని రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ నుంచి తెప్పిస్తామనే బేరగాళ్ళ జోలికి పోకండి, కొన్నవాడు కూడా కేసులో ఇరుక్కుంటాడు. మన దగ్గర ఎక్కువ ట్యాంకులు మెత్తటి పగడాలతోనే నడుస్తాయి గనక, లెక్క మనకే అనుకూలం: 1000 మిల్లీయాంప్‌ల డ్రైవర్ చాలాసార్లు అనవసరం. మామూలు 3 వాట్ల ఎల్‌ఈడీలను 500 నుంచి 700 దగ్గర నడపడం మేలు. 1000 దాకా తట్టుకుంటుందని డేటాషీట్‌లో రాసి ఉన్నా, ఆ రాత చిప్ చల్లగా ఉన్నప్పటి మాట. బెజవాడ మే నెలలో గది లోపలే 38 డిగ్రీలుంటే హీట్‌సింక్ (ఎల్‌ఈడీల వేడిని లాగే లోహపు పలక) వేడిని అక్కణ్ణుంచే పైకి లెక్కపెట్టుకోవాలి. 700 బదులు 500తో నడిపి 12 ఎల్‌ఈడీలకు మరో నాలుగు ఎక్కువ పెట్టుకుంటే వెలుగు అంతే వస్తుంది, ట్యాంకు మీద ఇంకాస్త సమంగా పరుచుకుంటుంది, వేడీ తగ్గుతుంది.

తర్వాత వోల్టేజి. రాయల్ బ్లూ, అంటే 450 నానోమీటర్ల ఎల్‌ఈడీ, 700 మిల్లీయాంప్‌ల దగ్గర 3.1 నుంచి 3.4 వోల్టులు తీసుకుంటుంది. కూల్ వైట్ కూడా దాదాపు అంతే. 400 నుంచి 420 మధ్య ఉండే వయొలెట్లు కాస్త ఎక్కువ, 3.3 నుంచి 3.6. 660 నానోమీటర్ల ఎరుపు మాత్రం 2.0 నుంచి 2.4. వరసలో ఎన్ని ఎల్‌ఈడీలు పడతాయో లెక్క వేసేటప్పుడు ఎప్పుడూ పై అంకె తీసుకోండి. స్విచ్ వేసిన క్షణంలో ఎల్‌ఈడీలు చల్లగా ఉంటాయి, అప్పుడే వోల్టేజి ఎక్కువ అడుగుతాయి.

సొంతంగా కట్టేవాళ్ళకు నేను మొదట చెప్పేది మీన్‌వెల్ కంపెనీ ఎల్‌డీడీ-హెచ్ రకం డ్రైవర్లు. అగ్గిపెట్టె కంటే చిన్న నల్ల దిమ్మ. 300, 350, 500, 600, 700, 1000 మిల్లీయాంప్‌లు ఇలా ఒక్కో కరెంటుకు ఒక్కో మోడల్. పేరులో ఉన్న అంకే కరెంటు, తిప్పి సర్దే స్క్రూ ఏమీ ఉండదు. లోపలికి 9 నుంచి 56 వోల్టుల డీసీ, బయటికి 2 నుంచి 52 దాకా. ఇది వోల్టేజిని తగ్గించగలదే గానీ పెంచలేదు. కాబట్టి లోపలికిచ్చే వోల్టేజి వరస మొత్తం కంటే కనీసం 3, 4 వోల్టులు పైన ఉండాలి. 48 వోల్టుల సప్లై ఉంటే 44 మనకు మిగులుతుంది. 3.4 చొప్పున భాగిస్తే 12 ఎల్‌ఈడీలు. 36 వోల్టులైతే 9. 24 అయితే 5. ఆరు పెట్టేవాళ్ళున్నారు, వెలుగుతాయి కూడా, కానీ అది అంచు మీద నడక. ఈ అంచు దాటితే ఏమవుతుందో గుర్తుపట్టడం తేలిక: డిమ్మర్‌ను 100 శాతం మీద పెట్టినా రావలసినంత వెలుగు రాదు, అప్పుడప్పుడూ సన్నగా వణుకుతుంది. చాలామంది దాన్ని డ్రైవర్ పాడైందనుకుని ఇంకొకటి కొంటారు. రెండోదీ అలాగే చేస్తుంది.

ఒక ట్యాంకుకు లెక్క వేద్దాం. పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 40, ఎత్తు 40, అంటే 96 లీటర్లు, మెత్తటి పగడాలు, ఒకటో రెండో జోవాంథిడ్ గుత్తులు. మూడు చానెళ్ళు, అంటే విడివిడి డ్రైవర్లున్న మూడు వరసలు, చాలు. మొదటిది 12 రాయల్ బ్లూ, ఎల్‌డీడీ-700హెచ్ మీద. వాట్ల లెక్కకు ఒక్కోటి 3.2 అనుకుంటే 38.4 వోల్టులు, 0.7 యాంపుతో గుణిస్తే 27 వాట్లు. రెండోది 6 కూల్ వైట్, ఎల్‌డీడీ-500హెచ్ మీద. 18.6 వోల్టులు, 9.3 వాట్లు. మూడోది 6 వయొలెట్, ఇంకో 500హెచ్ మీద. 21 వోల్టులు, 10.5 వాట్లు. మొత్తం దాదాపు 47 వాట్లు. డ్రైవర్లలో పోయే నష్టం 5 శాతం కలిపితే 50. 48 వోల్టుల దగ్గర సప్లై నుంచి 1 యాంపు పైచిలుకు లాగుతుంది. మీన్‌వెల్ ఎల్‌ఆర్‌ఎస్-75-48 అనే సప్లై 1.6 యాంపులిస్తుంది, కాగితం మీద చాలు. నేనైతే 2.3 యాంపుల ఎల్‌ఆర్‌ఎస్-100-48 తీసుకుంటాను. సగం లోడుతో నడిచే సప్లై చల్లగా ఉంటుంది. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు 10 డిగ్రీలు పెరిగితే సగమవుతుంది కాబట్టి, సప్లై మీద పెట్టే ఆ కాస్త అదనపు డబ్బు వేసవిలో తిరిగొస్తుంది. ట్యాంకు పెద్దదై ఎల్‌ఆర్‌ఎస్-150, 350 దాకా వెళ్తే వాటి పక్కన 115, 230 అని చిన్న స్లైడ్ స్విచ్ ఉంటుంది. ప్లగ్ పెట్టేముందు అది 230 వైపున్నదో లేదో చూడండి, లేకపోతే స్క్రూడ్రైవర్‌తో అటు జరపండి. 115 మీద ఉంటే మొదటి క్షణంలోనే ఢామ్మంటుంది. 75, 100 మోడళ్ళకు ఆ స్విచ్ లేదు, 85 నుంచి 264 వోల్టుల దాకా వాటంతటవే సర్దుకుంటాయి.

ఇప్పుడు వైరింగ్. ఎల్‌డీడీలు కాలిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఈ డ్రైవర్ లోపల స్విచ్ మైనస్ వైపు ఉంటుంది. అంటే ఎల్‌ఈడీ మైనస్ అని రాసి ఉన్న కాలు, సప్లై మైనస్ ఒకటి కావు. "మైనస్‌లన్నీ గ్రౌండే కదా" అని రెంటినీ కలిపేస్తే ఎల్‌ఈడీ వరస నేరుగా 48 వోల్టుల మీద వేలాడుతుంది, కరెంటును పట్టుకునే దిక్కు ఉండదు. మూడు చానెళ్ళ ఎల్‌ఈడీ మైనస్ వైర్లను ఒకే తీగలో కలిపి లైటు దాకా తీసుకెళ్ళడం కూడా ఇదే తప్పుకు ఇంకో రూపం. ఒక్కో వరసకు ప్లస్, మైనస్ రెండూ విడివిడిగా, 0.75 చదరపు మిల్లీమీటర్ల టూ-కోర్ వైరు లాగండి. హీట్‌సింక్‌కు ఏ వరస ప్యాడూ తగలకూడదనేది కూడా ఇందుకే. ఇక సప్లై ప్లస్, మైనస్ తిరగేసి ఇస్తే ఎల్‌డీడీ రెండో అవకాశం ఇవ్వదు.

రెండో ప్రమాదం, కరెంటు ఆన్‌లో ఉండగా ఎల్‌ఈడీ వైరు పీకి మళ్ళీ తగిలించడం. వరస తెగిపోగానే డ్రైవర్ బయటి వోల్టేజిని సప్లై వోల్టేజి దాకా ఎక్కించేస్తుంది. ఆ సమయంలో వైరు తగిలిస్తే నిల్వ ఉన్నదంతా ఒక్క దెబ్బలో ఎల్‌ఈడీలలోకి దూకుతుంది. బయటికి ఏమీ కనిపించదు, ఒకటి రెండు ఎల్‌ఈడీలు మాత్రం చచ్చిపోతాయి. ప్లగ్ తీసి, సప్లై మీద పచ్చలైటు పూర్తిగా ఆరిపోయాక తగిలించండి.

ఒకే డ్రైవర్ మీద రెండు వరసలు పక్కపక్కన పెట్టే కక్కుర్తి కూడా చూస్తుంటాం. 1400 మిల్లీయాంప్‌ల డ్రైవర్ కొని చెరి 700 పంచుకుంటాయని అనుకుంటారు. కాస్త తక్కువ వోల్టేజి ఉన్న వరస ఎక్కువ లాగి, ముందు వేడెక్కి, ఇంకా ఎక్కువ లాగుతుంది. ఒక వరసలో ఒక టంకం ఊడిందా, మిగిలిన వరస మీద మొత్తం 1400 పడుతుంది. ఎల్‌డీడీ ధరకు ఈ కక్కుర్తి అవసరం లేదు, వరసకు ఒకటి పెట్టుకోండి.

డిమ్మింగ్‌కు ఎల్‌డీడీ మీద ఒక కాలుంది, దానికి 100 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య పీడబ్ల్యూఎం, అంటే వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే సిగ్నల్, ఒక కంట్రోలర్ బోర్డు నుంచి ఇవ్వాలి. 2.5 వోల్టుల పైన ఆన్, 0.8 కింద ఆఫ్. ఆర్డుయినో ఊనో అనే బోర్డు మామూలు పిన్నులు 490 హెర్ట్జ్, 5, 6 నంబర్లవి 980, రెండూ సరిపోతాయి. ఈఎస్‌పీ32 అనే ఇంకో బోర్డు ఇచ్చే 3.3 వోల్టులు కూడా పనిచేస్తాయి. కంట్రోలర్ గ్రౌండ్, సప్లై మైనస్ రెండూ కలిపి ఉండాలి, లేకపోతే డిమ్మర్ పిచ్చిగా ఆడుతుంది. ఈ గ్రౌండ్‌నూ పైన వైరింగ్ దగ్గర చెప్పిన ఎల్‌ఈడీ మైనస్‌నూ కలగలుపుకోకండి.

ఈ కాలుకు ఏమీ తగిలించకుండా వదిలేస్తే లైటు పూర్తిగా వెలుగుతుంది. చాలామందికి ఇది తెలియదు. కంట్రోలర్ మేలుకునే ఆ ఒకటి రెండు సెకన్లు పిన్నులు గాలిలో ఉంటాయి కాబట్టి, అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ట్యాంకు మీద మెరుపు మెరిసినట్టవుతుంది, చేపలు బెదిరిపోతాయి. డిమ్ కాలుకూ గ్రౌండ్‌కూ మధ్య ఒక 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, కంట్రోలర్ తీసేసి, మల్టీమీటర్‌తో ఆ కాలు మీద కొలవండి. 0.8 వోల్టుల కంటే కిందికి రాకపోతే ఇంకాస్త చిన్న విలువ వేయండి.

ఇదే గుణాన్ని మనకు మేలుగానూ వాడుకోవచ్చు. కేఎస్‌డీ301 అనే చిన్న థర్మోస్టాట్‌లు దొరుకుతాయి. వాటిలో 60 డిగ్రీలది, మామూలుగా తెరిచి ఉండి వేడికి మూసుకునే రకం అడిగి తీసుకోండి, మూసి ఉండి వేడికి తెరుచుకునేది కాదు. దాన్ని హీట్‌సింక్‌కు బిగించి, ఒక వైరు డిమ్ కాలుకు, ఇంకోటి గ్రౌండ్‌కు. కంట్రోలర్‌కూ డిమ్ కాలుకూ మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి. ఫ్యాన్ ఆగిపోయి హీట్‌సింక్ 60 దాటితే థర్మోస్టాట్ కాలును గ్రౌండ్‌కు కలిపి లైటును ఆర్పేస్తుంది. మూడు చానెళ్ళకు మూడు పెట్టుకోండి, పెద్ద ఖర్చు కాదు. రోహిణి కార్తెలో ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం ఫ్యాన్ బేరింగ్ పట్టేస్తే మొత్తం లైటును కాపాడేది ఇదే.

ఫ్యాన్ అన్నాం కాబట్టి, 48 వోల్టుల నుంచి 12 తీయడానికి మామూలు ఎల్‌ఎం2596 మాడ్యూల్ పెట్టకండి, దాని హద్దు 40 వోల్టులు. హెచ్‌వీ అని ఉన్న రకం కావాలి, లేదా ఫ్యాన్‌కు విడిగా ఒక 12 వోల్టుల అడాప్టర్ పెట్టుకుంటే తలనొప్పి ఉండదు. అలాగే సమయం చూసుకునే డీఎస్3231 మాడ్యూళ్ళలో బాగా దొరికే నీలం బోర్డులో బ్యాటరీని చార్జ్ చేసే చిన్న సర్క్యూట్ ఉంటుంది. దానికి మామూలు సీఆర్2032 వేస్తే ఉబ్బుతుంది. ఆ దారిలోని రెసిస్టర్‌ను టంకం కరిగించి తీసేశాకే వేయండి.

కంట్రోలర్‌కు ప్రోగ్రాం రాసే పని వద్దు, నీలం ఒక టైమర్ మీద, తెలుపు ఇంకో టైమర్ మీద వెలిగితే చాలు అనుకునేవాళ్ళకు షాపుల్లో దొరికే ఏసీ డ్రైవర్లే సరిపోతాయి. దాని మీద అవుట్‌పుట్ 18 నుంచి 36 వోల్టులు, 600 మిల్లీయాంప్‌లు అని రాసి ఉందనుకోండి, 6 నుంచి 10 ఎల్‌ఈడీల వరసకు సరిపోతుంది. 8 పెట్టండి, మధ్యలో ఉంటుంది. వీధిలైటు డ్రైవర్లయితే 27 నుంచి 36 అని ఇరుకుగా ఉంటాయి. వాటికి 6 ఎల్‌ఈడీలు తగిలిస్తే 20 వోల్టులే అవుతుంది, లైటు సెకనుకోసారి ఆరి వెలుగుతూ టపటపలాడుతుంది. పాడైంది కాదు, దాని వోల్టేజి హద్దుల్లోకి రాలేదంతే. వీటిలో అసలు చూడాల్సింది ఐసొలేషన్, అంటే మెయిన్స్‌కూ అవుట్‌పుట్‌కూ నేరు సంబంధం లేకపోవడం. మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి, డ్రైవర్‌ను దేనికీ తగిలించకుండా, ఏసీ వైర్లకూ అవుట్‌పుట్ వైర్లకూ మధ్య అన్ని జతలూ, రెండు దిశల్లోనూ చూడండి. ఎక్కడ అంకె వచ్చినా ఆ డ్రైవర్‌కు మెయిన్స్‌తో నేరు సంబంధం ఉన్నట్టే. ఉప్పునీటి మీద అలాంటిది వేలాడదీయడం ప్రాణాలతో చెలగాటం. 100 వోల్టులు దాటే డీసీ ఇచ్చే హెచ్‌ఎల్‌జీ-సీ రకాలను కూడా, ఎంత మంచివైనా, తొలిసారి కట్టేవాళ్ళు పక్కన పెట్టడం మంచిది. 48 వోల్టులు పొడి చేతికి తగిలితే మహా అయితే చురుక్కుమంటుంది. అవి అలా కాదు.

ఏ డ్రైవరైనా సరే, ట్యాంకుకు పైన గానీ కింద మూసిన కేబినెట్‌లో గానీ పెట్టకండి. కేబినెట్‌లో సంప్ (ట్యాంకు కింద ఉండే ఫిల్టరు తొట్టి) నుంచి లేచే ఉప్పు తేమ టెర్మినళ్ళను ఆకుపచ్చగా మారుస్తుంది, పైగా గాలి ఆడదు. సప్లై బయట గోడకు, ట్యాంకుకు పక్కగా ఉండాలి. ట్యాంకు వైపు నుంచి వచ్చే ప్రతి వైరూ సాకెట్‌కు చేరేముందు కిందికి ఒక మెలిక తిరగాలి, నీరు జారితే అక్కడే కారిపోవాలి. ఎల్‌డీడీ బోర్డును టంకం పెట్టాక ఫ్లక్స్ తుడిచి, ఒక పూత వార్నిష్ వేయండి. సప్లై బాడీకీ హీట్‌సింక్‌కూ ఎర్త్, ఆ సర్క్యూట్‌కు 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెంచేసే స్విచ్). ఈ రెండూ లేని ఇంట్లో రీఫ్ ట్యాంకే పెట్టకూడదు అంటాను. పాత అపార్టుమెంట్లలో న్యూట్రల్ వదులై వోల్టేజి 300 దాటే సందర్భాలుంటాయి. ఎల్‌ఆర్‌ఎస్ 300 వోల్టులను 5 సెకన్లు తట్టుకుంటుంది, ఆ తర్వాత పూచీ లేదు. ఎక్కువ వోల్టేజి వస్తే తెంచేసే ప్రొటెక్టర్ ఒకటి ముందు పెట్టుకోండి. ఇన్వర్టర్ మీద లైటు వద్దు. కరెంటు రెండు గంటలు పోయినా వెలుగు లేక పగడం చావదు, నీరు కదలకపోతే ఆక్సిజన్ తగ్గి చేపలు పోతాయి. బ్యాటరీని పంపుకూ, నీటిని కదిపే వేవ్‌మేకర్‌కూ ఉంచండి.

అన్నీ బిగించాక, ప్లగ్ పెట్టకముందే, ప్రతి ఎల్‌ఈడీ ప్యాడ్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య కంటిన్యూటీ చూడండి, బీప్ రాకూడదు. వస్తే చాలాసార్లు స్క్రూ తల ప్యాడ్‌ను తాకుతుంటుంది, ఫైబర్ వాషర్ వేస్తే పోతుంది. తర్వాత ప్లగ్ తీసే ఉంచి వరసలో 1 ఓమ్, 2 వాట్ల రెసిస్టర్ ఒకటి కలిపి, అప్పుడు ఆన్ చేసి, దాని రెండు చివరల మధ్య వోల్టేజి కొలవండి. 0.7 వోల్టులంటే 700 మిల్లీయాంప్‌లు. డిమ్మింగ్ 100 శాతం దగ్గరే కొలవాలి, తగ్గించి చూస్తే మీటరు సగటు చూపించి కంగారు పెడుతుంది. ట్యాంకు మీద ఎక్కించకుండా మూడు నాలుగు గంటలు టేబుల్ మీద వెలిగించి, హీట్‌సింక్ 50 డిగ్రీలు దాటకుండా ఉందా అని చూడండి. దాటితే ఫ్యాన్ పెంచండి, లేదా 700హెచ్ తీసి 500హెచ్ పెట్టండి. కాళ్ళ అమరిక ఒకటే కాబట్టి ఐసీ సాకెట్ లాంటి ఆడ పిన్నుల్లో ఎల్‌డీడీలను గుచ్చి ఉంచితే ఈ మార్పు నిమిషం పని. ట్యాంకు మీదికి ఎక్కించాక మొదటి వారం 30 శాతం దగ్గర 8 గంటలు, ఆపైన వారానికి 5 నుంచి 10 శాతం. పగడం రంగు పాలిపోతూ ఉంటే ఒక మెట్టు వెనక్కి తగ్గండి, గోధుమ రంగుకు తిరుగుతుంటే ఇంకో మెట్టు ఎక్కించండి.